టీ నగర్‌లో సీఏ ఆర్టికల్‌షిప్: రెండేళ్లు పూర్తిచేశాక నా రివ్యూ

గూడూరు, నెల్లూరు, తిరుపతి వైపు పిల్లలు సీఏ ఇంటర్ (సీఏలో రెండో దశ పరీక్ష) పాసవగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే. ఆర్టికల్‌షిప్ (సీఏ ఫర్మ్‌లో చేయాల్సిన శిక్షణ) హైదరాబాద్‌లోనా, బెంగళూరులోనా, చెన్నైలోనా? మాది గూడూరు. రైలెక్కితే రెండు మూడు గంటల్లో సెంట్రల్‌లో దిగొచ్చని నాన్న చెన్నైకే మొగ్గారు. 2024 ఫిబ్రవరిలో టీ నగర్ పానగల్ పార్కు దగ్గర ఒక మధ్యస్థాయి ఫర్మ్‌లో చేరాను, ఈ ఫిబ్రవరిలో పూర్తిచేశాను. దాంతోపాటే దూరవిద్యలో బీకాం చదివాను. ఇప్పుడు ఫైనల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఇంటర్ పాసైన చెల్లెళ్లూ తమ్ముళ్లూ వరసపెట్టి అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఫర్మ్ పేరు మాత్రం రాయను. మంచీ చెడూ రెండూ చెప్పాలంటే అదే పద్ధతి.

ముందే మార్కులు వేసేస్తాను. పని నేర్పడంలో 5కి 4.5. చదువుకి సమయం ఇవ్వడంలో 2.5. డబ్బు విషయంలో 2. మొత్తం మీద మళ్లీ అవకాశం వస్తే ఇదే ఫర్మ్‌లో చేరతానా అంటే, చేరతాను. ఎందుకో చెప్తాను.

ముగ్గురు పార్ట్‌నర్లు, పాతిక ముప్పైమంది ఆర్టికల్స్ (నాలా శిక్షణలో ఉన్నవాళ్లు), సీఏ పాసైన కొంతమంది ఉద్యోగులు. పాత ఇంటి పై రెండు అంతస్తుల్లో ఆఫీసు. కింద మెట్రో పనులకని రోడ్డంతా తవ్వేసి ఉండేది, వానాకాలంలో చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సి వచ్చేది. (పానగల్ పార్కు అని ఎవరి పేరు పెట్టారో ఆ పానగల్ రాజా మన శ్రీకాళహస్తిలో పుట్టినవారే. టీ నగర్‌లో తెలుగువాళ్లం పరాయివాళ్లం కాదని మొదటిరోజే ధైర్యం చెప్పుకున్నాను.) చిన్న ఫర్మ్‌లో ఒకే రకం పని రెండేళ్లూ చేయాల్సి రావచ్చు. పెద్ద కంపెనీల్లో ఒకే క్లయింట్, ఒకే ఖాతా పట్టుకుని నెలలు గడిచిపోతాయని అక్కడ చేస్తున్న స్నేహితులు అంటారు. మధ్యస్థాయి ఫర్మ్‌లో ఉన్న సుఖం ఏమిటంటే జీఎస్టీ, ట్యాక్స్ ఆడిట్, కంపెనీ ఆడిట్, ఏప్రిల్‌లో బ్యాంకు బ్రాంచ్ ఆడిట్, అన్నీ మన చేతి మీదుగా వెళ్తాయి.

మొదటి నెలలన్నీ వౌచింగ్ (లెక్కల్ని బిల్లులతో సరిచూడడం), బ్యాంక్ రీకో (పుస్తకాల్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలపడం), జీఎస్టీ. ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 14న 2బి (సప్లయర్లు చూపిన మన కొనుగోళ్ల జాబితా) వస్తుంది, 20న 3బి (పన్ను కట్టే రిటర్న్). 14కీ 20కీ మధ్య క్లయింట్ పర్చేజ్ రిజిస్టర్‌నీ 2బినీ పక్కపక్కన పెట్టి ఏ ఇన్‌వాయిస్ రాలేదో వెతకడం, సప్లయర్‌కి ఫోన్ చేయించడం. చాలామంది దీన్ని గుమాస్తా పని అని చిన్నచూపు చూస్తారు. నాకలా అనిపించలేదు. ఒక వ్యాపారం సరుకు ఎవరి దగ్గర కొంటోంది, ఎప్పుడు కడుతోంది, ఎక్కడ ఇరుక్కుంది అనేది ఈ మ్యాచింగ్‌లోనే బయటపడుతుంది. పుస్తకంలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మన పన్నులోంచి తగ్గించుకోవడం) చదివినప్పుడు పట్టుకోని విషయం, చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ఒక హార్డ్‌వేర్ కొట్టు లెక్క చూసినప్పుడు పట్టుబడింది.

ఇక 4.5 ఎందుకు వేశానో చెప్పాలి. మా ఫర్మ్‌లో ఒక పార్ట్‌నర్ సార్ ప్రతి ఫైలూ చదువుతారు. సంతకం పెట్టేముందు ఒకసారి తిరగేయడం కాదు, నిజంగా చదువుతారు. ప్రతి వర్కింగ్ పేపర్ (మేం లెక్క చూసి రాసిన కాగితం) పక్కన పెన్సిల్‌తో క్వెరీ రాసి ఎవరు చేశారో వాళ్లకే తిప్పి పంపుతారు. సీనియర్ ద్వారా కాదు, నేరుగా. ఆ క్వెరీకి జవాబు రాసి, ఆధారం జతచేసి, మళ్లీ ఆయన టేబుల్ మీద పెట్టాలి.

ఒక ఉదాహరణ వివరంగా చెప్తాను. 2024 సెప్టెంబర్‌లో ట్యాక్స్ ఆడిట్ సీజన్. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 43బి(హెచ్) అమల్లోకి వచ్చాక అదే మొదటి ఏడాది. సూక్ష్మ, చిన్న సంస్థలకి కట్టాల్సిన డబ్బు గడువులోగా కట్టకుండా మార్చి 31 దాటితే, ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలోకి రాదు, ఎప్పుడు కడితే ఆ ఏడాదే వస్తుంది. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మెషిన్ విడిభాగాలు చేసే ఒక క్లయింట్. వాళ్ల క్రెడిటర్స్ (వాళ్లు డబ్బు కట్టాల్సిన సప్లయర్లు) జాబితా నాకిచ్చారు. ఎవరెవరికి ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందో సర్టిఫికెట్లు తెప్పించి, 45 రోజులు దాటిన బాకీలు వేరుచేసి షీట్ తయారుచేశాను.

సాయంత్రానికి షీట్ తిరిగొచ్చింది. మూడు క్వెరీలు. మొదటిది: ఈ సప్లయర్ సర్టిఫికెట్‌లో యాక్టివిటీ ఏమని ఉంది? తీసి చూస్తే ట్రేడింగ్ అని ఉంది. ట్రేడర్లకి ఉద్యం నంబరు ఉన్నా ఈ గడువు నిబంధన వర్తించదు, అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే. రెండోది: ఈ పార్టీతో రాతపూర్వక ఒప్పందం చూపించు. ఒప్పందం ఉంటేనే 45 రోజుల వరకు గడువు, లేకపోతే 15 రోజులే. మూడోది: రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెట్టావు? సరుకు అందుకుని ఒప్పుకున్న రోజు నుంచి లెక్క, ఇన్‌వాయిస్ మీది తేదీ నుంచి కాదు. మర్నాడు మళ్లీ అంబత్తూరు వెళ్లి, అక్కడి అకౌంటెంట్ అక్క పక్కన కూర్చుని, గేటు దగ్గర సెక్యూరిటీ ముద్ర వేసిన సరుకు రశీదులు ఒక్కొక్కటీ తీయించి తేదీలు రాసుకున్నాను. ఆ ఏడాది 3సీడీలో (ట్యాక్స్ ఆడిట్ వివరాల ఫారం) 26వ క్లాజ్ కింద వెళ్లిన మొత్తం మొదటి షీట్‌లోని మొత్తానికి దగ్గరగా కూడా లేదు.  మిగతా క్లాజ్‌ల సంగతి ఎలా ఉన్నా ఈ క్లాజ్ పరీక్షలో ఎక్కడ వచ్చినా నాకు పుస్తకం అక్కర్లేదు.

ఆర్టికల్‌షిప్ అంటే నా దృష్టిలో ఇదే. ఫర్మ్ పేరు, క్లయింట్ల పేర్లు, ఏసీ గది, ల్యాప్‌టాప్ ఇస్తారా లేదా, ఇవన్నీ తర్వాతి మాట. మనం చేసిన కాగితాన్ని పెద్దవాళ్లు ఎవరైనా చదివి, ప్రశ్న అడిగి తిప్పి పంపుతున్నారా? ఆ ఒక్కటి ఉంటే రెండేళ్లు సార్థకం. అది లేని చోట ఎంత పెద్ద ఆడిట్‌కి వెళ్లినా టిక్కులు పెట్టడం తప్ప ఏమీ మిగలదు. ఇదే ఆఫీసులో వేరే పార్ట్‌నర్ గ్రూపులో పడ్డ నా తోటి అమ్మాయికి ఈ అదృష్టం దక్కలేదు. తన ఫైళ్లు సీనియర్ దగ్గరే ఆగిపోయేవి. తప్పుంటే సీనియరే దిద్దేసేవాడు, ఏది ఎందుకు మారిందో తనకి చెప్పేవాళ్లు లేరు. ఒకే ఫర్మ్, ఒకే జీతం, రెండు రకాల చదువులు. అర పాయింట్ అందుకే తీసేశాను.

స్టాక్ వెరిఫికేషన్ (గోడౌన్‌కి వెళ్లి సరుకు సరిచూడడం) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చెన్నైలో తెలుగు వచ్చినవాళ్లకి అక్కడ మంచి విలువ. 2025 మార్చి 31న గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి పంపారు. మన సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఊరు కదా, గోడౌన్‌లో సగంమంది సూళ్లూరుపేట, తడ వైపు నుంచి వచ్చేవాళ్లే. లోపలికి అడుగుపెట్టగానే చేయాల్సిన మొదటి పని లెక్కపెట్టడం కాదు. చివరి సరుకు రశీదు నంబరు, చివరి అమ్మకం ఇన్‌వాయిస్ నంబరు రాసుకోవడం. లేకపోతే ఏ సరుకు ఏ ఏడాదిదో తర్వాత తేలదు. తర్వాత జాబితాలోంచి కొన్ని ఐటమ్‌లు ఎంచుకుని నేల మీద వెతకడం, నేల మీది నుంచి కొన్ని ఎంచుకుని జాబితాలో వెతకడం. రెండోదే ముఖ్యం. మూలన టార్పాలిన్ కింద ఉన్న కడ్డీల గురించి అడిగితే స్టోర్స్ ఆయన "అది మనది కాదమ్మా, జాబ్‌వర్క్‌కి వచ్చింది" అన్నారు తెలుగులో. అంటే పనిచేసి తిరిగివ్వడానికి వేరేవాళ్లు పంపిన సరుకు. చలాన్ చూపించమన్నాను, చూపించారు. అదే మాట తమిళంలో చెప్పుంటే అప్పటికి నాకు సగమే అర్థమయ్యేది. సరుకు తనిఖీ గురించి చెప్పే ఆడిటింగ్ స్టాండర్డ్ 501 చదివేవాళ్లు వీలైతే ఒక్కసారైనా గోడౌన్‌లో నిలబడి చదవాలి.

తమిళం మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఆఫీసులో ఇంగ్లిష్‌తో నెట్టుకు రావచ్చు. క్లయింట్ దగ్గర కుదరదు. అంకెలు, నెలలు, "బిల్లు ఎక్కడ", "ఎవరు సంతకం పెట్టారు", ఇవి తమిళంలో అడగడం వస్తే అకౌంట్స్ వాళ్లు మనతో మాట్లాడే తీరే మారిపోతుంది. కొన్ని నెలల్లో వచ్చేస్తుంది, దీనికి భయపడి చెన్నై మానుకోవద్దు.

ఇప్పుడు చదువు సమయానికి వేసిన 2.5 సంగతి. కాగితం మీద ఆర్టికల్‌కి వారానికి 35 గంటల పని. 2023 జూలై నుంచి వచ్చిన కొత్త స్కీమ్‌లో శిక్షణ మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది, దాంతోపాటు సెలవులూ ఏడాదికి 12కి తగ్గాయి. రెండేళ్లు విరామం లేకుండా పని, ఆ తర్వాత ఆరు నెలలు పూర్తిగా చదువు, ఇదీ ఆలోచన. ఆలోచన మంచిదే. పాత స్కీమ్‌లో చేసిన అక్కలూ అన్నలూ శిక్షణ మధ్యలోనే పరీక్ష సెలవు పెట్టుకుని, ఆఫీసుతో గొడవపడి, రెండింటికీ చెడ్డవాళ్లు చాలామంది. మాకా బాధ తప్పింది. కానీ ఆచరణలో 35 గంటలు అనేది మామూలు నెలల్లోనే నిలవడం కష్టం, సెప్టెంబర్‌లో ఇక చెప్పక్కర్లేదు.

2024లో ట్యాక్స్ ఆడిట్ సెప్టెంబర్ 30 గడువుని అక్టోబర్ 7కి పొడిగించారు. బయటివాళ్లకి అది ఊరట. మాకు ఇంకో వారం అదే టెన్షన్. రాత్రి పది దాటాక కూడా పోర్టల్ లోడ్ అవుతూ ఉంటే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. 2025లోనూ గడువు జరిగింది, అప్పటికి అలవాటైపోయింది. ఇక్కడ ఫర్మ్‌ని ఒక విషయంలో మెచ్చుకోవాలి. ఎనిమిది దాటితే అమ్మాయిలకి ఆటో డబ్బులు ఆఫీసే ఇచ్చేది, ఇద్దరిద్దరం కలిసి వెళ్లేలా చూసేవారు. మెచ్చుకోలేని విషయం ఏమిటంటే, ఆ అదనపు గంటలకి బదులుగా నవంబర్‌లో ఒక్క రోజు కూడా సెలవు ఇవ్వలేదు. అడిగితే "మేమూ ఇలాగే చేశాం" అన్నారు. ఆ జవాబు నాకిప్పటికీ నచ్చదు. వాళ్లు చేసినప్పుడు కష్టమే, మేం చేసినప్పుడూ కష్టమే. మార్చగలిగిన స్థానంలో ఉన్నవాళ్లు మార్చాలి.

ఇంగ్లండ్‌లో అకౌంటింగ్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అని ఒకటుంది. అక్కడ కంపెనీలో పనిచేస్తూనే డిగ్రీ చదువుతారు. ట్యూషన్ ఫీజు చదివేవాళ్ల నుంచి తీసుకోకూడదు, అది కంపెనీ, ప్రభుత్వ నిధుల మీద పడుతుంది. చదువుకి, శిక్షణకి కేటాయించే సమయం జీతమిచ్చే పని గంటల్లోంచే ఇవ్వాలి, అది నిబంధన. మన ఆర్టికల్‌షిప్‌లో పని నేర్పే తీరు దానికి ఏమాత్రం తీసిపోదని నా నమ్మకం. తీసిపోయేది ఈ సమయం విషయంలోనే. వారానికి ఒక్క పూట, శుక్రవారం మధ్యాహ్నం నుంచైనా సరే, చదువుకి వదిలేస్తే ఏ ఫర్మూ మునిగిపోదు. సెల్ఫ్ పేస్డ్ మాడ్యూల్స్ (సొంతంగా ఆన్‌లైన్‌లో చదివి పాసవ్వాల్సినవి) నాలుగు సెట్‌లు ఫైనల్‌కి ముందే పూర్తిచేయాలి కదా. అవన్నీ నేను రైల్లో, రాత్రుళ్లు, ఆదివారాలు చేశాను. నావైపు చూస్తే ఇది ఒకే చదువు. ఆఫీసువైపు చూస్తే అది నా సొంత వ్యవహారం.

బీకాం గురించి చాలామంది అడుగుతున్నారు. డిగ్రీ లేకుండానే సీఏ అయిపోవచ్చు, అది వాస్తవం. అయినా డిగ్రీ ఉంచుకోండి. ఫైనల్ ఎప్పుడవుతుందో ఎవరూ చెప్పలేరు, ఈలోగా బ్యాంకు పరీక్షైనా, ఉద్యోగమైనా, బయట ఎంబీఏ అయినా మొదట అడిగేది డిగ్రీనే. ఆర్టికల్‌షిప్‌తోపాటు వేరే కోర్సు చదవాలంటే ఫారం 112 పెట్టి ఇన్‌స్టిట్యూట్ (సీఏ కోర్సు నడిపే ఐసీఏఐ) అనుమతి తీసుకోవాలి, ప్రిన్సిపాల్ (మనకి శిక్షణ ఇచ్చే సీఏ) సంతకం కావాలి. ఇది చేరిన కొత్తలోనే అడగండి. తర్వాత చూద్దాంలే అనుకుంటే సీజన్ మధ్యలో సార్ దొరకరు. రెగ్యులర్ కాలేజీ అయితే తరగతుల వేళలు ఆఫీసు వేళలకి అడ్డురాకూడదు, అందుకే నేను దూరవిద్య తీసుకున్నాను. ఇగ్నోకి ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి నడిపే బీకాం అకౌంటెన్సీ అండ్ ఫైనాన్స్ ఉంది, అది కూడా చూసుకోండి. దూరవిద్యలో నేర్చుకున్నది ఎంత అంటే, అకౌంట్స్ పేపర్లలో కొత్తగా ఏమీ లేదు. ఎకనామిక్స్, బిజినెస్ స్టాటిస్టిక్స్ మాత్రం శ్రద్ధగా చదివాను, ఉపయోగపడ్డాయి. ఇబ్బంది పరీక్షల తేదీలతోనే. ఉన్న 12 సెలవుల్లో బీకాం పరీక్షలకి పోగా పండక్కి ఇంటికెళ్లడానికి మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

డబ్బు. ఇన్‌స్టిట్యూట్ ఊరి జనాభాని బట్టి కనీస స్టైపెండ్ నిర్ణయిస్తుంది, ఫర్మ్ అంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు. నాకు మొదటి ఏడాది నెలకి 8,000, రెండో ఏడాది 11,000 ఇచ్చారు. పశ్చిమ మాంబళంలో లేడీస్ హాస్టల్‌లో ముగ్గురం ఉండే గదికి భోజనంతో కలిపి 8,500 అయ్యేది. అంటే మొదటి ఏడాదంతా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్నట్టే. నాన్న ఒక్కసారి కూడా విసుక్కోలేదు, కానీ అందరి ఇళ్లలో అది కుదరదని నాకు తెలుసు. సొంత ఊళ్లోనే ఫైళ్లు శ్రద్ధగా చూసే మంచి సీఏ ఉంటే, ఇంట్లో ఉండి చేయడం తక్కువేం కాదు. మాంబళం ఎంచుకోవడానికి కారణం రైలు స్టేషన్. బీచ్–తాంబరం లోకల్‌లో నుంగంబాక్కం రెండు స్టేషన్‌ల దూరం, ఇన్‌స్టిట్యూట్ దక్షిణ ప్రాంతీయ కార్యాలయం అక్కడే ఉంది. ఆఫీసుకైతే రంగనాథన్ వీధిలోంచి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు, దీపావళి ముందు వారాలు తప్ప. భోజనానికి భయం లేదు, పప్పు, గోంగూర, ఆవకాయ దొరికే ఆంధ్రా మెస్‌లు టీ నగర్ చుట్టుపక్కల ఉన్నాయి.

చదువుకోవడానికి హాస్టల్ పనికిరాదు. నన్ను నిలబెట్టింది కొట్టూర్‌పురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయం. 2010లో కట్టింది. అక్కడ సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగం వేరుగా ఉంది, అదీ అసలు సుఖం. మన మాడ్యూళ్లు, నోట్సు సంచిలో వేసుకెళ్లి కూర్చోవచ్చు, ఒక్క రూపాయి అడగరు. ఆదివారం పెందలాడే వెళ్లాలి. ఎదురుగా యూపీఎస్సీ వాళ్లు, టీఎన్‌పీఎస్సీ వాళ్లు, పక్కన ఎవరో మెడికల్ పుస్తకంతో. ఎవరూ ఫోన్ ఎత్తరు. ప్రైవేటు రీడింగ్ రూములకి నెలనెలా డబ్బు కట్టేముందు ఒకసారి ఇక్కడికి వెళ్లి చూడండి. దీనికి 5కి 5.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు స్టైపెండ్ ఎంత అని అడగడానికి మొహమాటపడతారు. అది అడగండి, తప్పులేదు. దానికంటే ముందు ఇవి అడగండి. నా ఫైలు ఎవరు రివ్యూ చేస్తారు? ఆడిట్, ట్యాక్స్, జీఎస్టీ విభాగాల మధ్య మారుస్తారా, ఒకేచోట ఉంచుతారా? సార్‌ని కాకుండా బయట కూర్చున్న ఆర్టికల్‌ని అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: చివరిసారి క్వెరీ ఎప్పుడొచ్చింది, ఏమడిగారు? ఆ అన్నయ్యో అక్కయ్యో వెంటనే చెప్పగలిగితే అక్కడ చేరిపోండి. తడుముకుంటే ఇంకో ఫర్మ్ చూడండి.

డమ్మీ ఆర్టికల్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే, ఆఫీసుకి రాకుండానే రెండేళ్లు రికార్డు చేస్తామంటే, దయచేసి ఒప్పుకోకండి. అది నిబంధనలకి విరుద్ధం, దొరికితే శిక్షణ కాలమే రద్దవుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. రేపు సంతకం పెట్టేది మనం. ప్రతి సంతకానికీ యూడీఐఎన్ (ఆ పత్రాన్ని గుర్తించే) నంబరు మన పేరు మీదే పుడుతుంది. గోడౌన్‌లో టార్పాలిన్ ఎత్తి చూడడం తెలియకుండా ఆ సంతకం ఎలా పెడతాం?

చివరిగా, చేరే తేదీ. శిక్షణ పూర్తయ్యాక ఆరు నెలలు గడిస్తేనే ఫైనల్‌కి అర్హత, కాబట్టి ఏ విడత రాస్తామన్నది చేరిన రోజే ఖరారైపోతుంది. కొన్ని రోజులు ఆలస్యంగా చేరడం వల్ల ఒక విడత మొత్తం పోగొట్టుకున్నవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. సీఏ ఇంటర్ ఫలితాలు రాకముందే ఫర్మ్‌ల జాబితా తయారుచేసుకోండి, రెజ్యూమె సిద్ధం చేసుకోండి, ఫలితాలొచ్చిన వారంలో చెన్నైలో ఉండండి. చేరిన 30 రోజుల్లోగా ఫారాలు ఇన్‌స్టిట్యూట్ పోర్టల్‌లో పడ్డాయో లేదో మీరే లాగిన్ అయి చూసుకోండి. ఆఫీసు వాళ్లు చేస్తారులే అని ఊరుకోవద్దు.